ఈడుజోడు చూచు కన్ను

ఫాల్గుణ శుద్ధ ఏకాదశి వచ్చినదన్న కోరుకొండలో తీర్థము. రాజమహేంద్రవరమునకు ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున నున్న ఈ ఊరికి ఆ దినములలో మెట్ట గ్రామములనుండియు, గోదావరి లంకలనుండియు జనము వచ్చి, లక్ష్మీనరసింహస్వామి కల్యాణము చూచి, రథమునకు చేయి తగిలించి, జీళ్ళు, ఖర్జూరములు కొనుక్కొని పోవుదురు. కొండపైకి 600కు పైగా మెట్లున్నవి. ఏబది దాటి, తరగతిలో నిలువబడుటకు తప్ప కాళ్ళకు మరియొక పని చెప్పని మాబోటివారు నాలుగైదు చోట్ల కూర్చుండక పైకి పోజాలరు. అట్లు కూర్చుండినవానికి ఎక్కువారిని, దిగువారిని చూచుటకంటె వేరు పని యుండదు. ఈ యేడు నేను ఆ పనియే చేసితిని.

నేను కూర్చుండిన మెట్టునకు దిగువనుండి భార్యాభర్త లిరువురు ఎక్కి వచ్చుచుండిరి. ఆయన జుట్టు చాలవరకు నెరసినది. నడుము కొంచెము వంగినది. ఆమె చూచుటకు ముప్పది యేండ్ల వయసుదానివలె నుండెను. ఆమె చంకలో రెండేండ్ల బిడ్డ. ఆయన చేతిలో కొబ్బరికాయల సంచి. నా వెనుక ఇద్దరు స్త్రీలు కూర్చుండి యుండిరి. వారిలో ఒకామె, "తండ్రీకూతుళ్ళనుకున్నానొదినా! 'ఏవండీ' అని పిలిచింది, విన్నావా?" అనెను. రెండవ యామె, "కాకి ముక్కుకి దొండపండని ఊరికే అన్నారా మరి?" అనెను.

ఈ మాటలు గుసగుసలు కావు. పైకి వచ్చుచున్న వారికి వినబడినవి. ఆయన తల యెత్తలేదు. సంచిని ఒక చేతినుండి మరియొక చేతికి మార్చుకొని రెండు మెట్లు ముందునకు పోయెను. ఆమె ప్రక్కకు ఒదిగి, బిడ్డను చంక మార్చుకొని, ఆ రెండు మెట్ల యెడమును అట్లే నిలుపుకొని మమ్ము దాటిపోయెను. ఇక ఎవరు చూచినను వారు వేరువేరుగా కొండ యెక్కుచున్న ఇద్దరు భక్తులు మాత్రమే.

ఆ స్త్రీలను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. వారు మాటాడుటకు ముందే నేనును లెక్క వేసితిని. ఆయనకు ఏబదియైదు, ఆమెకు ముప్పది. రెండవ సంబంధము కాబోలు. పిల్ల తల్లిదండ్రులు కట్నమునకు జంకిరి కాబోలు. ఒక్క నిమిషములో నవలకు చాలిన కథ సిద్ధమైనది. వారెవరో నాకు తెలియదు, ఇప్పటికిని తెలియదు. ఆయన జబ్బుచేత ముందుగా ముదిసినవాడో, ఆమె వయసు తెలియనీయని ముఖము గలదో, ఆ చంకలోని బిడ్డ కూతురో, అక్కగారి బిడ్డయో, ఏదియు తెలియదు. తెలియకపోవుట నా కథకు అడ్డు రాలేదు.

ఆ రెండు మెట్ల యెడము చూచినపుడు నాకు మా పిన్ని జ్ఞప్తికి వచ్చినది.

పిన్ని అక్కచెల్లెండ్రలో చిన్నది, అందరికంటె పొడగరి. 1975 ప్రాంతమున ఆమె పెండ్లి జరిగినది. బాబాయి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆయన గొంతెత్తి పద్యము చదివినచో వీధిన పోవువారు నిలిచి వినెడివారు. నాకు తెలుగుపై మక్కువ కలుగుటకు కారణము ఆయనయే. మనిషి పొట్టివాడు, పిన్ని భుజమునకు వచ్చును. ఆ దాంపత్యములో ఇంతకంటె లోపము నేనెరుగను.

పెండ్లియైన క్రొత్తలో ఇద్దరును కలిసి సంతకు పోగా, ఎవడో ఒక పోకిరి, "నిచ్చెన కూడా తెచ్చుకున్నారా మేష్టారూ?" అనెనట. ఆ మాట సాయంకాలమునకే ఊరంతయు ప్రాకినది. అది మొదలు బాబాయి సైకిలు లేకుండ పిన్నితో గడప దాటలేదు. ముందు సీటు మీద ఆయన, వెనుక క్యారియరు మీద ఆమె. కూర్చుండినవారి పొడవు ఎవరు కొలువగలరు? రెండు వీధుల అవతలి పెండ్లికి పోవలెనన్నను సైకిలే. మేష్టారికి భార్య యన్న ఎంత గారాబమో, రెండడుగులైనను నడువనీయడని ఊరివారు మెచ్చుకొనెడివారు. మెచ్చుకొనినవారిలో ఆ నిచ్చెన మాటకు నవ్వినవారును ఉండియే యుందురు.

కొండకు సైకిలు పోదు గదా. నాకు ఎనిమిది తొమ్మిదేండ్లప్పుడు తీర్థమునకు వారు నన్ను వెంటబెట్టుకొని పోయెడివారు. అప్పటికి వారికి పిల్లలు లేరు. మెట్ల మొదటనే పిన్ని, "మా ఇద్దరి మధ్యన నడవరా నాన్నా, చెయ్యి వదలకు" అనెడిది. ఒక చేయి ఆమెకు, ఒక చేయి ఆయనకు ఇచ్చి మెట్లెక్కెడివాడను. నన్ను ముద్దు చేయుచున్నారనుకొని గర్వపడితిని. ఆయన ఎల్లప్పుడును ఒక మెట్టు పైననుండుట, ఆమె ఒక మెట్టు క్రిందనుండుట, అపుడు ఇద్దరి తలలును సమముగా వచ్చుట, ఇవన్నియు నా కన్నుల యెదుటనే జరిగినవి. వాని యర్థము తెలియుటకు నాకు చాల యేండ్లు పట్టినది. చదునైన చోట పిన్ని మెడ వంచి నడచెడిది. ఇరువది యేండ్లు గడచునప్పటికి ఆ వంపు మెడకు స్వభావమై పోయినది. సంతలో ఆ మాట అన్నవానికి మాత్రము ఆ రాత్రికే అది మరపునకు వచ్చియుండును.

తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను గనుక నా దృష్టి మాటలవైపు పోవును. జంట కుదిరినదని చెప్పుటకు మనకు చిలకాగోరింకలు కావలెను. చిలుక పచ్చనిది, ముక్కు ఎర్రనిది, వంకరది. గోరువంక గోధుమవన్నెది, ముక్కు పసుపుపచ్చనిది. రెండును వేరు జాతులు. అవి జంటకట్టి కాపురము చేయగా చూచినవారు లేరు. మరి కొంచెము పొగడవలెనన్న రతీమన్మథులు. మన్మథునికి దేహమే లేదు, అందుచేతనే అనంగుడైనాడు. రతికి తప్ప మరెవ్వరికిని కనబడడని కూడ చెప్పుదురు. ఎవరి కంటికిని జంటగా కనబడని ఇద్దరిని మనము ఈడుజోడునకు ఉపమానముగా పెట్టుకొంటిమి! కాకి సామెత సంగతి వేరు. ఆ పండు కాకికి ఇష్టమా, కాకి ముక్కున నుండుట పండునకు సమ్మతమా యన్న విచారణ సామెతకు అక్కరలేదు. నలుపు ప్రక్కన ఎరుపు నప్పలేదన్నదే దాని బాధ. చూచువాని కంటికి కలిగిన ఇబ్బందిని ఆ జంట నేరముగా వ్రాసికొన్న సామెత అది.

ఈ కంటిని గూర్చి కాళిదాసునకు బాగుగా తెలియును. కుమారసంభవము అయిదవ సర్గమున వటువేషముతో వచ్చిన శివుడు, పార్వతి మనసు మరల్చుటకై తన్ను తానే నిందించుకొనును. హంసల అంచు గల పెండ్లిపట్టునకును, నెత్తురు చిందు ఏనుగుతోలునకును పొత్తు కుదురునా యని అడుగును. ఆ వాదములలో ఒకటి నాకు విచిత్రముగా తోచును: ఏనుగుపై ఊరేగవలసిన దానవు ముసలి యెద్దు నెక్కి పోవుచుండగా పెద్దమనుషులు చూచి నవ్వుదురు సుమా యని. పుట్టుక తెలియనివాడు, ధనము లేనివాడు అన్న మాటలన్నియు ఒక యెత్తు, వీధిలో నలుగురు నవ్వుదురన్న మాట ఒక యెత్తు. పార్వతి తక్కిన వానికి సమాధానము చెప్పినది. చివరకు, నా మనసు అక్కడ నిలిచినది, వాదమెందులకని త్రోసివేసినది. హిమవంతుని కూతురు గనుక త్రోసివేయగలిగినది. మేష్టారి భార్యకు సైకిలు కావలసివచ్చినది.

ఈ సంగతి మా కళాశాలలో ఒక మిత్రునితో ప్రస్తావింపగా ఆయన ఒప్పుకొనలేదు. "లోకము చూడవద్దండీ? చూచి నాలుగు మాటలనుటచేతనే గదా అన్యాయపు పెండ్లిండ్లు ఆగినవి!" అనెను. ఆయన చరిత్రోపన్యాసకుడు, తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. కాని ఆ చరిత్రయే ఆయన పక్షమున లేదని నాకు తోచినది.

గురజాడవారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయినది. ఆ తొలి కూర్పు పీఠికలో ఒక లెక్క యున్నది. విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగర ప్రభువు పట్టిక వేయించగా 1034 తేలినవి. అందు అయిదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36. ఈ పెండ్లిండ్లు చీకటిలో జరిగినవి కావు. పందిళ్ళు వేసిరి, మేళము పెట్టిరి, నలుగురును భోజనము చేసి అక్షతలు చల్లిరి. లుబ్ధావధానులు ఆ నాటకమున నవ్వు పుట్టించుట గురజాడవారి ప్రతిభ. ఊరిలో నిజమైన లుబ్ధావధానులను చూచి ఊరు నవ్వలేదు. దీర్ఘాయుష్మాన్ భవ యనినది. నెరసిన జుట్టు ప్రక్కన పసిబిడ్డ కూర్చుండియున్నను ఆ కంటికి జోడు తప్పినట్లు కనబడలేదు, ఏలయన అది ఆచారము.

ఆ కంటికే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు జరిపించిన తొలి వితంతు వివాహము చూడరానిదైనది. పోలీసు కాపుదల నడుమ ఆ పెండ్లి జరుగవలసివచ్చినది. పెండ్లికి పోయినవారిని వెలివేయుటకు ఊరిపెద్దలు పూనుకొనిరి. తాత యీడువానికి పసిదానిని కట్టబెట్టినపుడు మూతబడిన కన్ను, పసుపుకుంకుమలు పోయిన పిల్లకు మరల పుస్తె కట్టినపుడు తెరచుకొన్నది. నా మిత్రుడు చెప్పిన లోకము చూపు ఇది. అది అన్యాయమును చూడదు, అలవాటు లేనిదానిని చూచును.

వీరేశలింగము పంతులుగారు మాత్రము జంటలను చూచి తీర్పు చెప్పలేదా యన్నచో, చెప్పినారు. బ్రహ్మవివాహమను ప్రహసనమున ముసలి పెండ్లికొడుకును ఎండగట్టినారు. కాని ఆయన మెట్టు మీద కూర్చుండి ముఖములు చూచి లెక్క వేయలేదు. పిల్ల వయసెంత, సొమ్మెవరి చేతికి పోయినది, ఆమె గతి యేమగునని విచారించినారు. విచారించినందుకు వెలిని అనుభవించినారు. తరువాత వచ్చిన చట్టమును అంతే. 1929 నాటి శారదా చట్టము పిల్లకు 14, పిల్లవానికి 18 అనినది. 1978లో అవి 18, 21 అయినవి. చట్టము పుట్టిన తేదీ అడుగును, ముఖము చూడదు. ఈనాడు ఎక్కడనైనను పెండ్లికూతురు చిన్నపిల్ల యని నిజముగా సందేహము కలిగినచో 1098కి ఫోను చేయవచ్చును. కొండమెట్ల మీద ఆ స్త్రీలకు గాని, నాకు గాని అట్టి సందేహమేదియు లేదు. ఆమె పెద్దది. మాకు కావలసినది ఆమె క్షేమము కాదు, ప్రొద్దుపోవుట.

ఇంకొక సంగతి కలదు. జోడు ఏ వైపున తప్పినను నింద ఆడుదాని పేరనే పడును. భర్త నల్లనివాడు, భార్య తెల్లనిది యైనచో ఆమె ఆస్తి చూచి వచ్చినది. భర్త తెల్లనివాడు, భార్య నల్లనిది యైనచో ఆమె తండ్రి కట్నము పోసి కొన్నాడు. ఎట్లు త్రిప్పినను లెక్క డబ్బునకే తేలును, ఖాతా ఆమెదే. బొద్దైన భార్య, బక్కపలుచని భర్త తెరపైకి వచ్చినంతనే హాలు నవ్వుటకు మన చలనచిత్రములు మనలను తీర్చిదిద్దినవి. ఇప్పుడు దానికి చేతిలోని ఫోను తోడైనది; ఆ మెట్ల మీదనే ఒక కుర్రవాడు ముందుపోవువారి బొమ్మ తీసి ప్రక్కవానికి చూపి నవ్వుచుండెను. సంతలోని మాట ఒక ఊరిలో తిరిగినది. ఇది ఎన్ని ఊళ్ళు తిరుగునో!

అలసట తీరిన పిమ్మట నేను పైకి పోతిని. ఈ కొండకు పరాశర శైలమని పేరు. పరాశర మహర్షి యిక్కడ తపస్సు చేసి స్వామిని కోరుకొనెనని స్థలపురాణము. ఆ పరాశరుడే యమునపై పడవ నడుపు దాశకన్యను కోరినవాడు. జడలు గట్టిన ముని యొకవైపు, ఒంట చేపల వాసన గల పడవపిల్ల యొకవైపు. ఒడ్డున మునులు చూచుచున్నారు గదా యని ఆమె అడిగినదట. దానికి ఆయన ఇచ్చిన సమాధానము శాస్త్రము కాదు, మంచు. తపశ్శక్తిచే ఏటిపై మంచు క్రమ్మించెను. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ తెనిగించిన ఆదిపర్వమున ఈ కథ యున్నది. దీనిని దాంపత్యమునకు దృష్టాంతముగా తీసికొనరాదని, ఆ పిల్ల సమ్మతి ఎంతపాటిదో విచారింపవలెనని ఒకమారు తరగతిలో విద్యార్థినులు నాతో వాదించిరి. వారి మాట నిజము. మంచు కప్పినచోట అదియును మనకు కనబడదు. నాకు వింతగా తోచునది వేరు. శాపములకు వెరవని తపస్వికి కూడ ఒడ్డుననున్నవారి కన్నులనుండి తప్పించుకొనుటకు అంత పని చేయవలసివచ్చినది.

ఇక కొండమీది స్వామి. సింహపు ముఖము, జూలు, కోరలు; ప్రక్కన లక్ష్మి. ఇంతకంటె పొసగని జోడు లోకములో ఉండునా? ఆ స్వామియే అహోబిలపు అడవిలో చెంచుపిల్లను వలచి పెండ్లాడెనని మనవారు ఆటలుగా ఆడిరి, పాటలుగా పాడిరి. ఏటేట వేలకొలది జనము ఈ జంట పెండ్లికే వచ్చుచున్నారు. ఎవ్వరును పెదవి విరువగా నేను చూడలేదు. నా వెనుక కూర్చుండిన ఆ వదినా మరదళ్ళును ఆ కల్యాణము చూచి అక్షతలు తలపై చల్లుకొని వచ్చినవారే. స్వామి కోపము చల్లార్చుటకు ఆమె యుండవలెనని మనకు తెలియును గనుక ముఖము అడ్డు రాలేదు. ఆ భర్త సంచి ఎందుకు మోయుచున్నాడో, ఆ భార్య 'ఏవండీ' యని ఎందుకు పిలిచినదో మనకు తెలియదు. తెలియదు గనుకనే ముఖము మిగిలినది.

దర్శనపు వరుసలో వారు నాకు నలుగురైదుగురికి ముందుగా నుండిరి. గుడిలోపల వెలుతురు తక్కువ, జనము ఒత్తిడి. అక్కడ ఎవరి ముఖము ఎవరికిని సరిగా కనబడదు. బిడ్డ ఇప్పుడు ఆయన భుజము మీద నున్నది. ఆమె ఆయన ప్రక్కనే, మోచేయి తగులునంత దగ్గరగా నిలువబడి యుండెను. హారతి వెలుగు పడినపుడు నేను కన్ను స్వామివైపు త్రిప్పుకొంటిని. భక్తి యని చెప్పలేను.

బాబాయి పోయి నాలుగేండ్లయినది. పెద్దకర్మకు పటము కావలెనని, గోడనున్న పెండ్లి ఫోటోను దింపి, పెద్దది చేయించుటకు స్టూడియోకు తీసికొనిపోతిని. చిన్నప్పటినుండి చూచిన ఫోటోయే. ఇద్దరును సమానమైన ఎత్తున నిలువబడి యుందురు. అది నాకెన్నడును వింతగా తోచలేదు. స్టూడియో కుర్రవాడు చట్రము విప్పి, అడుగున బొమ్మను కప్పియున్న అట్ట తీయగా బాబాయి పాదముల క్రింద పెండ్లిపీట కనబడినది. ఒకటి కాదు, ఒకదానిపై నొకటి రెండు పీటలు. కంప్యూటరులో వానిని చెరిపివేయుట క్షణములో పని యని ఆ కుర్రవాడు చెప్పెను. పిన్నినడుగుదమని ఫోటో ఇంటికి తెచ్చితిని.

పిన్ని కండ్లజోడు పెట్టుకొని చాలసేపు చూచినది. "రెండోది మా పుట్టింటిదిరా. దాని కాలొకటి విరిగితే మీ తాత మేకు కొట్టాడు" అనినది. తరువాత, "అట్ట వెయ్యొద్దను. ఉన్నదున్నట్టు కట్టించు" అనినది.

పటము అట్లే కట్టించితిని. పిన్ని ఇంట సావడిలో నున్నది. వచ్చినవారు ముందుగా పీటలనే చూతురు. ఆమె ఏమియు చెప్పదు.